గుప్పెడు తౌడు

సోమవారం పొద్దున్న దమయంతి డ్యూటీకి వచ్చేసరికి గోడ గడియారం టైము చూపించడం మానేసి ఆమె అప్ప క్రియాటినిన్ చూపిస్తోంది. ముల్లు ఒక్కటే ఉంది. అది తొమ్మిది మీద నిలబడి ఉంది.

అప్ప అంటే అక్క. సిక్కోలు వైపు వాళ్ళు అలాగే పిలుస్తారు. క్రియాటినిన్ అంటే మూత్రపిండాలు ఎంత అలిసిపోయాయో రక్తం చెప్పే అంకె. నిక్షేపంలా ఉన్న మనిషికి అది ఒకటి దగ్గర ఉంటుంది. మూడు దాటితే ఇంట్లోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేస్తారు. ఈ గడియారంలో అంకెలు పన్నెండు దాకానే ఉన్నాయి. పన్నెండు కొడితే ఏమవుతుందో దమయంతికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆఫీసులో మిగతావాళ్ళు కొత్త టైముకి అప్పుడే అలవాటు పడిపోయారు. ఆమెకన్నా ముందు వచ్చిన ఇద్దరు, ఎనిమిది పాయింటు తొమ్మిదికి వచ్చినట్టు హాజరు పట్టీలో రాసి సంతకాలు చేశారు. దమయంతి తొమ్మిది అని రాసి సంతకం చేస్తుంది. రాస్తున్నది అప్ప అంకె. అయినా అక్షరాలు వంకర పోవు. పద్ధతి తప్పకపోవడం ఆమెకి పదహారేళ్ళ అలవాటు.

ఆమె పని రక్తం దాచడం. విశాఖలో సముద్రం కనిపించే ఒక కొండ మీద, ఒకే ఆవరణలో మూడు పరిశోధన సంస్థలు ఉన్నాయి. ఒకటి రక్తానిది, ఒకటి నీళ్ళది, ఒకటి మాటలది. కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్ళకి ఊళ్ళు మూత్రపిండాలు పాడై మంచాన పడుతుంటే కారణం కనిపెట్టమని ఈ మూడింటినీ కట్టారు. మూడూ వెతుకుతూనే ఉన్నాయి. కిటికీలు మాత్రం ఒకరికొకరు కనిపించకుండా మూడు వేరే దిక్కులకి పెట్టుకున్నాయి. టీ తాగడానికి అందరూ ఒకే కాంటీనుకి వస్తారు. అక్కడ ఎండ గురించి మాట్లాడుకుని వెళ్ళిపోతారు.

కిందటేడు మూడు సంస్థలూ, వేరే వేరే వారాల్లో, దమయంతి అప్ప తవిటమ్మ ఉన్న ఊరు వెళ్ళాయి. రక్తం వాళ్ళు ఒక ట్యూబు రక్తం తీసుకున్నారు. ఆ రోజు నుంచి తవిటమ్మ ఒంట్లో రంగు లేదు. నీళ్ళవాళ్ళు, నమూనా సమగ్రంగా ఉండాలని, నుయ్యిని నుయ్యిగానే తవ్వి గిలకతో సహా పట్టుకుపోయారు. మాటలవాళ్ళు ముందుగదిలో చాప మీద కూచుని రెండు వందల పన్నెండు ప్రశ్నలడిగి జవాబులు తీసుకున్నారు. ఆ తర్వాత తవిటమ్మ దగ్గర మాటలు మిగల్లేదు. దాహం వేస్తే చెంబు చూపిస్తుంది. ఎవరి పని వాళ్ళు ఎంతో నిజాయితీగా చేశారు, అదే వచ్చిన చిక్కు.

రక్తం తీసింది స్వయానా దమయంతే. ట్యూబు మీద అప్ప పేరు రాయలేదు, రాయకూడదు. 117 అని రాసింది. నీళ్ళవాళ్ళు నుయ్యి మీద 40 అని రాశారు, మాటలవాళ్ళు జవాబుల మీద 6 అని రాశారు. 117, 40, 6 ఒకే మనిషి అని ఆ కొండ మీద తెలిసింది దమయంతి ఒక్కదానికే. తెలిసినా చెప్పనని రాసిచ్చిన కాగితం మీద ఆమె సంతకం ఉంది. గుండ్రంగా, అందంగా ఉంటుంది ఆ సంతకం.

ఫోను మోగుతుంది. బావ చిన్నంనాయుడు.

"మీయప్ప దుప్పటి కింద పల్చబడిపోతంది" అంటాడు. "నిన్న దిండంత ఉండీది. ఇప్పుడు పలక మందమే ఉంది. ఏటి సెయ్యమంటావు?"

దుప్పటి తీయొద్దనీ, ఫాన్ కట్టేయమనీ చెప్పి దమయంతి ఫోను పెట్టేస్తుంది. డీప్ ఫ్రీజర్ గదిలోకి వెళ్ళి చెవి ఆనించి వింటుంది. లోపల, మైనస్ ఎనభై దగ్గర, నూట పదిహేడో ట్యూబు గోరుతో గాజుని తడుతోంది. ఆపుతోంది, మళ్ళీ తడుతోంది. చిన్నప్పుడు అప్ప అలాగే తలుపు తట్టేది, బడి నుంచి వచ్చి.

ఆమెకి భయం వేస్తుంది. భయం అని ఒప్పుకోవడానికి ఆమె సిగ్గుపడదు. గోడ మీంచి గడియారం దింపి చంకలో పెట్టుకుంటుంది. దాన్ని అక్కడే వదిలేస్తే తను చూడనప్పుడు పరిగెడుతుందేమోనని ఆమె అనుమానం.

డైరెక్టరు భుజంగరావుగారు ఫ్రీజర్ తాళంచెవి మెడలో వేసుకుని ఉంటాడు. ఇరవై రెండేళ్ళుగా వేసుకునే ఉన్నాడు, స్నానానికి కూడా తీయడని అంటారు. మంచివాడే. పండక్కి అందరికీ సొంత డబ్బుతో మిఠాయి పంచుతాడు. దమయంతి ఆయన ముందు నిలబడి ఇన్నాళ్ళూ దాచిన మాట చెప్పేస్తుంది. 117 మా అప్పేనండీ, నీళ్ళవాళ్ళ దగ్గరున్న 40 కూడా ఆమె, మాటలవాళ్ళ 6 కూడా ఆమె. మూడూ ఒక బల్ల మీద పెడితే కారణం తెలుస్తుంది, పన్నెండు కొట్టేలోపు పెట్టాలి.

ఆయన కళ్ళు మూసుకుని వింటాడు. ఎవరి పేరైనా చెవిన పడితే పరిశోధన చెడిపోతుందని ఆయన అలా వింటాడు.

"ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదమ్మా" అంటాడు. "ముందు వాళ్ళని ఇవ్వమను."

గడియారం చంకలో ఒక్కసారి కదులుతుంది. తొమ్మిది పాయింటు ఎనిమిది. ఆ అంకె ఎందుకు పెరుగుతోందో దమయంతికి అప్పుడు తెలుస్తుంది. కాలంతో దానికి పని లేదు. ఎవరైనా కాదన్నప్పుడల్లా ముల్లు జరుగుతుంది, ఎంత మర్యాదగా కాదన్నా సరే.

నీళ్ళ సంస్థకి వెళ్ళాలంటే పచ్చిక దాటాలి. పచ్చిక మధ్యలో ఒక తలుపు ఉంది. గోడ లేదు, గది లేదు, గుమ్మంతో సహా తలుపు ఒక్కటే నిలబడి ఉంది. ఆరోగ్య పరిశోధనలో అందరం కలిసి పనిచేద్దామని పోయినేడు ముగ్గురు డైరెక్టర్లూ ఒకే వేదిక మీద కూచుని, దండలు వేయించుకుని, రిబ్బను కత్తిరించి ప్రారంభించిన తలుపు అది. మూడు తాళాలున్నాయి. మూడూ కలిసి తీస్తే లోపల గది ఉంటుందని ప్లాను కాగితంలో రాసి ఉంది. రిబ్బను కత్తిరించిన రోజున కూడా ఎవరూ తీయలేదు. వెనక్కి వెళ్ళి చూస్తే పచ్చికే కనిపిస్తుంది.

తవిటమ్మ నుయ్యి నీళ్ళ సంస్థ రెండో అంతస్తులో, కారిడార్ చివర ఉంది. వరలు, గిలక, తాడు, నాచు, అన్నీ ఉన్నాయి. గట్టు మీద తవిటమ్మ చీర పిండి పెట్టే చోట రాయి నున్నగా అరిగి ఉంది. ఆ పక్కనే డైరెక్టరు సోమశేఖరం కూచుని, బొక్కెనతో నీళ్ళు తోడి, ఒక చుక్క తీసుకుని, మిగతావి జాగ్రత్తగా లోపలికే ఒంపేస్తున్నాడు. నుయ్యి అడుగు మొదటి అంతస్తులోని గుమాస్తా బల్ల మీద ఉండాలి లెక్కప్రకారం. గుమాస్తా మాత్రం తడవకుండా పనిచేసుకుంటున్నాడు.

సోమశేఖరం సన్నటి మనిషి, మాట మెత్తన. దమయంతి చెప్పిందంతా విని నూతిలోకి చూస్తూ కూచుంటాడు. ఏడేళ్ళ కిందట తను ఇలాగే ఎవరో అడిగితే ఒక చెంబు నీళ్ళు ఇచ్చాడట. వాళ్ళు చెంబు మీద వాళ్ళ పేరు చెక్కించుకున్నారు. తర్వాత ఒక సభలో ఆ చెంబు ఎదురుపడితే పలకరించాడు.

"అది నన్ను గుర్తుపట్టలేదండీ" అంటాడు. "ముందు రక్తం వాళ్ళని ఇవ్వమనండి. వాళ్ళిచ్చిన మరుక్షణం నేనిస్తాను."

పది పాయింటు ఆరు. దమయంతి నూతిలోకి వంగి చూస్తుంది. లోపల ఆమె మొహం కనిపించదు, అప్ప మొహమూ కనిపించదు. నలభై అనే అంకె తలకిందులుగా తేలుతూ ఉంటుంది.

మెట్లు దిగుతుంటే మళ్ళీ బావ ఫోను. పేపరు మందానికి వచ్చిందంటాడు. దుప్పటి అంచుల మీద తను, పిల్లలు నాలుగు మూలలా కూచున్నారట, గాలికి లేవకుండా. దమయంతి ఎవరినీ కదలొద్దని చెప్పి మాటల సంస్థ వైపు నడుస్తుంది.

మాటల సంస్థలో గోడల నిండా డ్రాయర్లు. ప్రతి మనిషికీ రెండు వందల పన్నెండు డ్రాయర్లు, ప్రతి డ్రాయర్లో ఒక జవాబు, ఎవరి గొంతుతో వాళ్ళది. డైరెక్టరు మేరీ సుగుణ మెట్లపీట ఎక్కి వాటికి దుమ్ము దులుపుతోంది. దుమ్ము ఎక్కువే ఉంది. తీసుకున్నవాళ్ళు జవాబులు తీసుకోవడంలో తలమునకలై, వినే పని తర్వాత చూసుకుందామనుకున్నారు.

ఆరో కుటుంబం ఎక్కడని దమయంతి అడుగుతుంది. చూపిస్తాను గానీ ఇవ్వనని సుగుణ ముందే చెబుతుంది. దమయంతి చేతికి అందిన డ్రాయరు లాగుతుంది. నలభై ఒకటో ప్రశ్న, మీ కుటుంబంలో వైద్యానికి సంబంధించిన పనిలో ఎవరైనా ఉన్నారా.

"మా సెల్లుంది" అంటుంది తవిటమ్మ గొంతు, డ్రాయర్లోంచి, పక్కన కూచుని చెప్పినంత దగ్గరగా. "ఇశాపట్నంలో రగతం దాస్తాది. అదుండగా నాకేటి బెంగ?"

దమయంతి డ్రాయరు మూసేస్తుంది. ఏడుపు వస్తుంది, ఆపుకోదు. మెట్లపీట మీంచి సుగుణ కూడా వినేసింది. పదేళ్ళలో ఆమె విన్న మొదటి జవాబు అదే అయ్యుండాలి, దులుపుడు గుడ్డ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అయినా నియమం నియమమే. ముందు ఆ ఇద్దరినీ ఇవ్వమనండి అంటుంది, ఈసారి కాస్త మెల్లగా. ముల్లు కూడా మెల్లగానే జరుగుతుంది. పదకొండు పాయింటు ఒకటి.

వెళ్ళిపోబోతూ దమయంతి ఆఖరి డ్రాయరు చూస్తుంది. రెండు వందల పన్నెండో ప్రశ్న, ఇంకేమైనా చెప్పదలచుకున్నారా. సాధారణంగా అందరూ ఏం లేదంటారు కాబట్టి ఆ వరస డ్రాయర్లు అన్నిటికన్నా తేలిగ్గా ఉంటాయి. ఇది మాత్రం బరువుగా ఉంది. రెండు చేతులతో లాగాల్సి వస్తుంది.

"నాకన్నా ముందు పుట్టినోలు ఇద్దరూ పోనారు" అంటుంది అప్ప గొంతు. "నాను పుట్టగానే మాయమ్మ నన్ను సేటలో ఎట్టి పక్కింటి గున్నమ్మకి అమ్మేసింది. గుప్పెడు తౌడుకి. ఇది నా పిల్ల కాదని మాయమ్మ పైకి అనాలట. అలగంటే సావొచ్చి, ఈ పిల్ల ఎవులిదని అడిగి, ఎవులిదీ కాదంటే ఎనక్కెలిపోద్దట. సొంతోలు కొంటే సెల్లదట. అందుకే నాకు తవిటమ్మని పేరెట్టినారు. సచ్చిందాకా మాయమ్మ నన్ను పక్కింటి పిల్లా అనే పిలిసింది. నాను బతికినాను. ఇది రాసుకుంతారో, ఒగ్గెస్తారో మీ ఇష్టం."

వాళ్ళు రాసుకుని ఒగ్గేశారు. ఈ కథ దమయంతి చిన్నప్పుడు వందసార్లు విన్నది, ఒక్కసారీ వినిపించుకోలేదు. అమ్మ తనని బుజ్జీ అనీ, అప్పని పక్కింటి పిల్లా అనీ పిలుస్తుంటే, అమ్మకి తనంటేనే ఇష్టమని మురిసిపోయేది కూడా. ఇప్పుడు తలుచుకుంటే తల కొట్టేసినట్టుంది.

"సుగుణగారూ, మీ నియమాల్లో తౌడు ఉందా?" అని అడుగుతుంది.

సుగుణ మెట్లపీట దిగి నియమాల పుస్తకం తీస్తుంది. నమూనా ఊరికే ఇవ్వరాదు, ఉంది. అరువివ్వరాదు, ఉంది. సొమ్ముకి అమ్మరాదు, ఉంది. తౌడుకి అమ్మరాదని ఎక్కడా లేదు. ఆమె మొదటి పేజీ నుంచి మళ్ళీ చూస్తుంది. సవరణలు కూడా చూస్తుంది.

"లేదు" అంటుంది. "లేనిదాన్ని కాదనడానికి నాకు అధికారం లేదు."

అంత బుర్ర పెట్టి చదివినవాళ్ళు కాబట్టి వాళ్ళతో ఒక సుఖం ఉంది. పుస్తకంలో లేకపోతే తగువు లేదు.

తౌడు రక్తం సంస్థలోనే ఉంది. ప్రయోగాలకి పెంచే ఎలకలకీ కుందేళ్ళకీ దాణాలో కలపడానికి బస్తా ఉంచుతారు. దమయంతి నాలుగైదు గుప్పిళ్ళు తీసి కొంగున ముడివేసుకుంటుంది. ఎలకలు బోనుల్లో నిలబడి చూస్తాయి, అభ్యంతరం చెప్పవు. కాంటీనులో బియ్యం చెరిగే చేట అడిగి తీసుకుంటుంది. అంతలోనే ముల్లు పదకొండు పాయింటు మూడుకి వచ్చింది. ఎవరు కాదన్నారో ఆమెకి తెలీదు. ఎక్కడో ఎవరో ఎవరికో కాదంటూనే ఉంటారు.

పచ్చికలో తలుపు ముందు ముగ్గురూ నిలబడతారు. సుగుణ డ్రాయర్లలోని జవాబులని కాగితపు సంచిలో పోసి తెచ్చింది. సోమశేఖరం నుయ్యిని తాడు పట్టి నడిపించుకుంటూ వచ్చాడు, దాని వరలు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి. భుజంగరావుగారు నూట పదిహేడో ట్యూబుని మంచుగడ్డల మధ్య పెట్టి గుండెకి ఆనించి పట్టుకున్నాడు. ముగ్గురూ నియమాల పుస్తకాలు చూసుకున్నారు, ముగ్గురికీ తౌడు కనిపించలేదు. కానీ ఈ బేరంలో తౌడు తీసుకోవడం ఒక్కటే సరిపోదని, ఇది నాది కాదని పైకి అనాలని దమయంతి చెబుతుంది.

"నాది కాదు" అంటుంది సుగుణ. అని, ఏదో బరువు దించుకున్నట్టు భుజాలు సర్దుకుంటుంది. దమయంతి ఆమె దోసిట్లో గుప్పెడు తౌడు పోస్తుంది. మొదటి తాళం దానంతట అది ఊడి గడ్డిలో పడుతుంది.

సోమశేఖరానికి టైము పడుతుంది. నుయ్యి గట్టు నిమురుతాడు. ముల్లు పదకొండు పాయింటు ఆరు. ఈ నుయ్యికి నా అలికిడి తెలుసండీ, నేనొస్తే గిలక చప్పుడు మారుతుందండీ అంటాడు. పదకొండు పాయింటు ఏడు. దమయంతికి ఆయన్ని గదమాయించాలని నోటిదాకా వస్తుంది. గదమాయించదు. ఆయన తుండుతో కళ్ళు తుడుచుకుని, నాది కాదు అని నూతిలోకి వంగి అంటాడు. నుయ్యి కూడా ఆ మాటే తిరిగి అంటుంది. దమయంతి ఆయన తుండులో గుప్పెడు పోస్తే రెండో తాళం పడుతుంది.

భుజంగరావుగారు నోరు తెరుస్తాడు. మాట రాదు. నోట్లోంచి ఒక తాళంచెవి వస్తుంది. చేతిలో పట్టుకుని మళ్ళీ ప్రయత్నిస్తాడు, ఇంకో తాళంచెవి వస్తుంది. ఇరవై రెండేళ్ళలో ఆయన మింగినవన్నీ ఒక్కోటీ వస్తున్నాయి. పదకొండు పాయింటు ఎనిమిది. ఆయన దగ్గుతాడు, చెమట తుడుచుకుంటాడు, పదిహేనో తాళంచెవి తర్వాత గొంతు తెరిపిన పడుతుంది.

"దమయంతీ, నేనంటాను" అంటాడు. "కానీ నువ్వింకా అనలేదు. పొద్దున్నుంచీ మా అప్ప, మా అప్ప అంటున్నావు. కొనేది నువ్వు. సొంతవాళ్ళు కొంటే చెల్లదని ఆ డ్రాయర్లోనే ఉందట కదా?"

సుగుణ నెమ్మదిగా తల ఊపుతుంది. ఉంది మరి.

దమయంతి చంకలో గడియారం పక్కటెముకలకి గుచ్చుకుంటుంది. ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అదే కడుపు మండేలా చేస్తోంది. అమ్మ ఆ రోజు ఎలా అనగలిగిందో అని ఆలోచిస్తుంది. పురిటి నొప్పులు ఇంకా తగ్గని మనిషి, చేటలో కళ్ళు తెరవని పిల్ల. అని, ఆ తర్వాత నలభై ఏళ్ళు మాట తప్పకుండా పక్కింటి పిల్లా అని పిలిచింది. జ్వరం వచ్చిన రాత్రుళ్ళు కూడా. ఎంత ప్రేమ ఉంటే అంత మొండితనం వస్తుందో దమయంతికి ఇప్పుడు తెలుస్తోంది.

పదకొండు పాయింటు తొమ్మిది. ముల్లు పన్నెండుని తాకుతున్నట్టే ఉంది, సన్నగా వెలుతురు మాత్రం ఉంది మధ్యలో.

"ఈవిడ మా అప్ప కాదు" అంటుంది దమయంతి.

అన్న వెంటనే ఆమెలోంచి ఏదో వెళ్ళిపోతుంది. ఏం వెళ్ళిపోయిందో చూసుకుంటుంది. సంక్రాంతి రోజున తల దువ్విన చేతులు లేవు, ఒకే పళ్ళెంలో తిన్న చద్దన్నం లేదు, ఈత నేర్పుతానని తోసేసిన చెరువు లేదు. వాటి చోట్లు ఉన్నాయి, ఖాళీగా, తుడిచిపెట్టి.

"ఇది నాది కాదు" అంటాడు భుజంగరావుగారు, మెడలోని తాళంచెవి తీసి గడ్డిలో పడేస్తూ. దమయంతి ఆయన దోసిట్లో గుప్పెడు పోస్తుంది, మూడో తాళం ఊడుతుంది. తలుపు తెరుచుకుంటుంది.

లోపల గది ఉంది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కిటికీలోంచి సముద్రం. పోయినేడు ప్లాను కాగితంలో వేసినట్టే ఉంది, గోడకి సున్నం కూడా ఆరలేదు. దమయంతి బల్ల మీద చేట పెట్టి, కొంగున మిగిలిన తౌడు అడుగున పరుస్తుంది. సుగుణ మాటలు ఒంపుతుంది. సోమశేఖరం బొక్కెనెడు నీళ్ళు పోస్తాడు. భుజంగరావుగారు ట్యూబు అందిస్తే దమయంతి మూత తీసి రక్తం ఒంపుతుంది. చేట కారదు.

రక్తం ఒక వాక్యం మొదలుపెట్టి సగంలో ఆగిపోతుంది. ఇన్నాళ్ళూ అది అక్కడే ఆగిపోయేది. ఇప్పుడు నీళ్ళు అందుకుని ఇంకో ముక్క అంటాయి. తవిటమ్మ మాటలు ఆఖరి ముక్క చెబుతాయి. చిన్న వాక్యం. మూడో తరగతి పిల్లకైనా అర్థమవుతుంది. అందరూ ఒకేసారి విన్నారు కాబట్టి ముందు ఎవరు విన్నారన్న పేచీ రాదు. భుజంగరావుగారు అలవాటు కొద్దీ జేబులోంచి పుస్తకం తీసి రాసుకుంటాడు. ఆయన రాస్తున్నది రాస్తున్నట్టే మిగతా ఇద్దరి పుస్తకాల్లో, కాంటీను ధరల పలక మీద, కొండ ఎక్కుతున్న బస్సు టికెట్ల వెనక, కొబ్బరి తోటల ఊళ్ళలో ప్రతి ఇంటి గోడ మీదా పడుతూ ఉంటుంది. ఆయన ఒకసారి ఆగి, కలం వైపు చూసి, మళ్ళీ రాస్తాడు.

గడియారం ముల్లు వెనక్కి జరగడం మొదలవుతుంది. పదకొండు, పది.

అప్పుడే ఫోను మోగుతుంది.

"మీయప్ప నేదు" అంటాడు చిన్నంనాయుడు. "దుప్పటి నేలకి అంటుకుపోనాది. కింద ఎవులూ నేరు."

దమయంతి ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నిలబడిపోతుంది. తన అప్ప కాని మనిషి పోయిందంటే తను ఏడవవచ్చో లేదో ఆమెకి తెలీదు. బల్ల కిర్రుమంటుంది. చేట బరువెక్కుతోంది. తవిటమ్మ అందులో లేచి కూచుని, మోకాళ్ళ మీది తౌడు దులుపుకుంటూ ఉంటుంది. ఒంట్లోకి రంగు వచ్చింది. జుట్టులోంచి నూతి నీళ్ళు కారుతున్నాయి. బావకి ఆ సంగతి చెబుతుంది దమయంతి, మీ ఇంటామె ఇక్కడ ఉందండీ, బాగుందండీ అని. ఎవరో పరాయి మనిషికి చెప్పినట్టు చెబుతుంది. అలాగే చెప్పాలి.

తవిటమ్మ అందరినీ చూస్తుంది. దమయంతి దగ్గర చూపు ఆగుతుంది.

"ఎవులమ్మా నువ్వు?" అంటుంది. "పొద్దున్నుంచి నిలబడే ఉన్నట్టున్నావు. కాల్లు వాసిపోనాయి."

దమయంతికి నేను నీ చెల్లినే అనాలని ఉంటుంది. ఒళ్ళంతా ఆ మాటే అయిపోయింది. నోరు తెరిచేసరికి గడియారం చప్పుడు ఆగుతుంది. నాలుగు దాకా దిగిన ముల్లు అక్కడ నిలబడి, ఎటు పోవాలో చూస్తున్నట్టు వణుకుతుంది. దమయంతి నోరు మూసుకుంటుంది. ముల్లు దిగుతుంది. మూడు, రెండు.

జవాబు రాకపోయేసరికి తవిటమ్మ మిగతా ముగ్గురినీ అడుగుతుంది, ఈ పిల్ల ఎవులిదని.

"మాది కాదు" అంటారు ముగ్గురూ. కొత్తగా నేర్చిన పాఠం కదా, ఒకరి వెంట ఒకరు, తడుముకోకుండా అంటారు.

"మరి ఎవులిదీ కాదా?"

ఎవరిదీ కాదని దమయంతే ఒప్పుకుంటుంది.

తవిటమ్మ చేట దిగి, అడుగున మిగిలిన తౌడు వేళ్ళతో కూడదీస్తుంది. గుప్పెడు వస్తుంది, ఇంకాస్త అడుగునే ఉండిపోతుంది. దాన్ని ఎవరికివ్వాలో ఒక క్షణం ఆలోచించి, బయట గుమ్మం మీద పోసి వస్తుంది.

"అయితే నానే కొనుక్కుంటాను" అంటుంది.

సుగుణ అప్రయత్నంగా పుస్తకం తిరగేస్తుంది. వాళ్ళిద్దరూ సొంతవాళ్ళు కాదు కాబట్టి బేరం చెల్లుతుంది.

దమయంతి చేటలో పడుకుంటుంది. పడుతుంది అందులో, మోకాళ్ళు కూడా ముడుచుకోనక్కర్లేదు. చంకలో గడియారం ఒకటి దగ్గర నిలిచిపోయింది, దాన్ని సోమశేఖరం తీసుకుని గోడకి తగిలిస్తాడు. తవిటమ్మ చేట ఎత్తి నెత్తిన పెట్టుకుని కొండ దిగడం మొదలుపెడుతుంది. ఎదురుగా దారి నిండా జనం ఎక్కి వస్తున్నారు, ప్రతివాళ్ళ నెత్తినా చేట, ప్రతి చేటలో మడత పెట్టిన ఒక దుప్పటి. దుప్పట్లు కొన్ని దిండంత ఉన్నాయి, కొన్ని పలకంత. పైన ముగ్గురు డైరెక్టర్లూ కొంగులు, తుండులు పట్టి తౌడు కోసం నిలబడి ఉన్నారు.

దమయంతి అప్పా అనబోతుంది. నోట్లో పళ్ళు లేవు. మాట గాలిగా పోతుంది.

"ఉండు" అంటుంది కింద నుంచి తవిటమ్మ, నడక ఆపకుండా. "ఇంటికెల్లి పేరెడతాను."

ఏం పేరు పెడుతుందో దమయంతికి తెలుసు. తల కింద తౌడు వెచ్చగా ఉంది. వెనక నుయ్యి కొండ మెట్లు ఒక్కోటీ దిగుతూ, ప్రతి మెట్టు దగ్గరా ఆగి, నీళ్ళు తొణక్కుండా సర్దుకుని మళ్ళీ బయల్దేరుతుంది.